పాటకి పావుకిలో

కాశీబుగ్గ రైలుగేటు దాటాక
ఐసు ఫ్యాక్టరీ మేడ మీద మా స్టేషను.
రెండు గదులు, గోనెసంచులు కుట్టిన గోడ.
ఫ్యాను వేస్తే మైకులో తుఫాను,
ఆపితే అనౌన్సరు లోచన పట్నాయక్ గారి చెమట.

నేను చేరినప్పుడు స్పూలు టేపులు.
గోధుమరంగు రిబ్బను తెగితే
బ్లేడుతో ఏటవాలుగా కోసి అతికించేవాణ్ణి.
అతుకు దగ్గర పాట ఒక్క గుటక మింగేది.
ఊరంతా గుటకతో సహా నేర్చుకుంది.
ఒక పెళ్లిపందిట్లో ఎవరో పాడుతూ
సరిగ్గా అక్కడే గుటక మింగితే
బ్లేడు గుర్తొచ్చి
విస్తరి వైపు తల దించుకున్నాను.

తరువాత క్యాసెట్లు.
ఎండకి సాగి, వానకి బూజు పట్టి
ఎంతటి గాయకుణ్ణయినా
జలుబు చేసినట్టు పాడించేవి.
మధ్యాహ్నం జముకుల కథ.
ఒక ఆదివారం తప్పెటగుళ్లవాళ్లు ఎగిరితే
కింద ఐసుదిమ్మలు పగిలాయని
ఓనరు మెట్లెక్కి వచ్చి, తిట్టడం మరిచి
చివరిదాకా కూర్చున్నాడు.
రాత్రి ఎనిమిది దాటితే ఒడియా స్టేషను
మా పాట పక్కన చేరేది,
బస్సులో కాస్త జరగమన్నట్టు.
ఇంట్లో ఒడియా, మైకులో తెలుగు లోచనం గారికి.
రెండూ ఒకేసారి విని
ఒక్కడే నవ్వుకునేవాడు.

సీడీ మీద గీత పడితే
పాట ఒకే మాట దగ్గర ఇరుక్కునేది.
నేను టీకి వెళ్లిన మధ్యాహ్నం
'రావా రావా రావా' అని
పదకొండు నిమిషాలు పిలిచిందట.
ఎవరూ రాలేదు.

ఆ పైన వైజాగు నుంచి ఒక కుర్రాడొచ్చాడు
ల్యాప్‌టాపులో ఊరి చెవిని గ్రాఫు గీసుకుని.
జముకు తీసేశాడు. రెండో చరణం తీసేశాడు.
పాట తోకకి పాట తల ముడేసి
గంటకి పద్దెనిమిది.
లోచనం గారికి పన్నెండు సెకన్లు.
గొంతు సవరించుకోడానికే చాలేవి కావు.

ఆ వారమే మేడ ఎక్కింది దున్న ఎండమ్మ.
జీడిరసానికి కాలి నల్లబడ్డ వేళ్లు,
ముద్ర పడక రేషను మిషను
రెండుసార్లు వెనక్కి పంపిన వేళ్లు.
చెప్పులు గుమ్మం బయట విడిచి
మిక్సరుకి దండం పెట్టబోయి ఆగింది.

"పాటలు పొట్టైపోనాయి బావూ.
పాటకి పావుకిలో పిక్క కొట్టీదాన్ని.
నాలుగు పాటలకి కిలో,
వార్తలొస్తే నీల్లకి నెగిసీదాన్ని.
గుమస్తా తూకంలో నొక్కితే
ఇరవై పాటలిన్నాను, అయిదు కిలోలు ఎయ్యి అనీదాన్ని.
ఇప్పుడేటి, ఏది ఎక్కడైపోనాదో
ఏది ఎప్పుడెత్తుకున్నాదో తెల్డం నేదు.
నెక్క తప్పిపోతంది."

ఇరవై ఆరేళ్లు పాటలు వేశాననుకున్నాను.
తక్కెట్లో రాళ్లు వేస్తున్నానని
ఎవరూ చెప్పలేదు.

కుర్రాడికి చెప్పాను.
మంచివాడే, శ్రద్ధగా విన్నాడు.
ఆ వివరానికి గ్రాఫులో గడి లేదన్నాడు.

ఇప్పుడు పాట వైజాగు నుంచే వస్తుంది.
లోచనం గారు బరంపురంలో కూతురి దగ్గర.
స్పూళ్లు బీరువాలో, బీరువా తాళం నా దగ్గర,
తాళం తీస్తే పాడించే మిషను లేదు.
పచ్చలైటు వెలుగుతోందా లేదా
చూడ్డమే నా డ్యూటీ.

నిన్న గేటు పడి ఆగాను.
గూడ్సు, యాభై పెట్టెల పైన.
అది పోయాక జీడిబట్టీ రేకుల వెనక నుంచి వినబడింది,
రేడియో కాదు.
ఎండమ్మ గొంతు, వెనక నలుగురు ఆడవాళ్లు,
కింద కర్రల టకటక.
రెండో చరణం వదల్లేదు.
ఎప్పటి పాటో, నా చేతి కిందిదే.
అతుకు చోటికొచ్చేసరికి
అయిదుగురూ ఒక్కసారే గుటక మింగారు.

గేటు ఎప్పుడో లేచింది.
వెనక ఆటోవాడు హారను కొడుతున్నాడు.
రేకుల సందులో గుమస్తా
తక్కెడ పట్టుకుని నిలబడ్డాడు
పాట ముగిసేదాకా.