అట్టపెట్టె యంత్రం

తేజో నదికి ఇవతల,
బెరడు ఒలిచిన కార్కు చెట్ల వెనక
మా జైలు.
మంగళవారం మంగళవారం అక్కడ నాకో గది.
కిటికీ లేదు. పదకొండు కుర్చీలు.
కుంటిదాని మీద నేనే కూర్చుంటాను.

బయటికి వెళ్ళబోయేవాళ్ళకి
బయటిని నేర్పడం నా ఉద్యోగం.
నవ్వకండి, జీతం కూడా ఇస్తారు.

గేటు దగ్గర నా తాళంచెవులు తీసుకుని
ఇత్తడి బిళ్ళ చేతిలో పెడతారు.
అందుకని తాళం తీయడం
తాళంచెవి లేకుండానే నేర్పాలి.
అదేరితు కేప్‌వెర్దె దీవుల తాపీమేస్త్రీ,
లోపలికొచ్చి పందొమ్మిదేళ్ళు.
నడవాలో గుత్తి గలగలమంటే చాలు,
వచ్చేది ఏ వార్డరో
ఇవాళ ఆయన మోకాలినొప్పి ఎలా ఉందో చెప్పేస్తాడు.
అలాంటివాడు
రెండు వేళ్ళ మధ్య గాలిని పట్టుకుని
"ఎడమకా, కుడికా?" అనడిగాడు.
నేనూ తడబడ్డాను.
ఆ రాత్రి మా గుమ్మంలో నిలబడి
నాలుగుసార్లు తీసి నాలుగుసార్లు వేశాను.
కుడికి.

రేవులో పడవ టికెట్లిచ్చే యంత్రాన్ని
టీవీ వచ్చిన అట్టపెట్టెతో చేశాను.
సీసామూతలు దానికి మీటలు.
వెనక నక్కి కూర్చుని దాని గొంతు నేనే:
"దయచేసి మీ రేవు ఎంచుకోండి."
అది మాట్లాడగానే కొందరు
"శుభోదయం అమ్మా" అన్నారు.
ఎంచుకోండి అన్న మాట దగ్గర మాత్రం
అందరి వేళ్ళూ గాల్లో ఆగిపోయేవి.

వల్దెమార్ ఒక్కడే తడుముకోలేదు.
ఫిబ్రవరిలో వెళ్ళాడు, జేబులో నా చేతిరాత చీటీ:
పడవల వేళలు, కాఫీ ధర, పడుకోడానికో చిరునామా.
నలభై ఒకటో రోజున తిరిగొచ్చాడు.
ఎందుకో ఫైల్లో ఉంది.
చదివాను. చదవకుండా ఉండాల్సింది.

మంగళవారం నా పెట్టె చుట్టూ తిరిగి చూశాడు.
"మేడం, ఇది తప్పు.
అసలుది మీలా ఓపిక పట్టదు.
ఇరవై లెక్కపెట్టేలోగా అంతా చెరిపేసి మొదటికొస్తుంది.
వెనక లైనుంటుంది. మీరు లైను పెట్టలేదు.
ఆలస్యమైతే తిడతారన్నారు.
ఎవరూ తిట్టలేదు.
ఒకావిడ, చేతిలో క్యాబేజీ సంచీ,
తన కార్డు ఆనించి నా టికెట్ కొనిచ్చింది.
పరవాలేదు బాబూ, అంది.

తిడితే ఏం చెయ్యాలో నాకొచ్చు.
దీనికేం చెయ్యాలో
మీరు చెప్పలేదు."

కుర్చీ కిర్రుమంది. నేను అనలేదేమీ.

ఆ పూటంతా యంత్రాన్ని బాగుచేశాం.
వల్దెమార్ గట్టిగా ఇరవై లెక్కపెడుతున్నాడు.
వెనక ఏడుగురు లైను కట్టారు,
దగ్గుతూ, నిట్టూరుస్తూ,
గడియారంలేని మణికట్లు చూసుకుంటూ.
ఆవిడ వేషం ఎవరు కడతారు?
ఎవరూ కదల్లేదు.
చివరికి అదేరితు లేచాడు, ఆరడుగుల మనిషి.
తువ్వాలు తలకి చుట్టుకున్నాడు,
లేని కార్డు తీశాడు, లేనిచోట ఆనించాడు.
"పరవాలేదు బాబూ."

ఎవరూ నవ్వలేదు.
శుక్రవారం వెళ్ళిపోవాల్సిన కుర్రాడు
యంత్రం ముందు తల దించేసుకున్నాడు.
"థాంక్స్ అను," వల్దెమార్ కసిరాడు.
"అని, పడవెక్కు.
కాళ్ళు రావు. అయినా ఎక్కు.
ఆవిడ వైపు చూస్తూ నిలబడిపోకు, నాలాగ."

మళ్ళీ చేశాం. మళ్ళీ.
గంట మోగేసరికి
ఒక సీసామూత ఊడి ఎక్కడికో దొర్లిపోయింది.

బిళ్ళ ఇచ్చి తాళంచెవులు తీసుకున్నాను.
రేవులో అసలు యంత్రం ముందు నిలబడి
ఏ మీటా నొక్కకుండా లెక్కపెట్టాను.
పద్దెనిమిది.
వల్దెమార్ మాకోసం
రెండు ఎక్కువ వేశాడు.

వెనక ఎవరో దగ్గారు.