గడ్డి వంతెన మీద కుసి

అపురిమాక్ నది మీద గడ్డితో కట్టిన వంతెన.
అవును, గడ్డే. ఏటా పాతదాన్ని కోసి నీళ్ళకి వదిలేస్తారు,
నాలుగు ఊళ్ళవాళ్ళు కూడి కొత్తది పేనుతారు.
అవతలి గట్టున పెద్దమ్మ
ఉడికిన బంగాళాదుంపల మూట విప్పుకుని కూర్చుంది.
ఇవతల ఎనిమిదేళ్ళ కుసి ఒక కాలు వేసింది.
వంతెన ఊగింది.

కిందికి చూడకు, అన్నారు ఎవరో.
అలా అన్నాక చూడకుండా ఎవరుంటారు?

చూసింది.

కణతల వెనక, తలలో బాగా లోతుగా
బాదంగింజంత కాపలావాడు ఒకడుంటాడు.
నీకూ ఉన్నాడు. నిజానికి ఇద్దరు, కుడికొకడు, ఎడమకొకడు.
వాడికి చదువు రాదు, లెక్కలు రావు,
తాడో పామో తేల్చుకునే ఓపిక లేదు.
వచ్చిందల్లా ఒక్క కేక.

ఆ కేక జరజరా కిందికి దిగి
మూత్రపిండాల నెత్తిన టోపీల్లా కూర్చున్న
రెండు బుల్లి గ్రంథులకు వినబడింది.
అవి రక్తంలోకి కబురు చిమ్మాయి:
పరుగెత్తు! లేకపోతే కలబడు!
ఏదో ఒకటి చెయ్యి, ఆలోచన తర్వాత!

గుండె దడదడదడ.
కాళ్ళకి రక్తం కావాలి మరి, బోలెడు, ఇప్పుడే.
ఎక్కణ్ణుంచి తేవడం?
పొట్టలోంచి.
పొద్దున తిన్న మొక్కజొన్నల సంగతి రేపు చూద్దాంలే అని
పొట్ట దుకాణం కట్టేసింది. అందుకే ఆ తిప్పుడు.
ఉమ్మి కూడా సెలవు పెట్టింది, నాలుక అట్టముక్క.
కంటిపాపలు ఇంతింతయ్యాయి,
నది ఇంకా బాగా కనబడింది, ఏం లాభం!
చేతుల మీది నూగు నిక్కబొడుచుకుంది
కుక్కను చూసిన పిల్లికి లేచినట్టు.
కుసికి అంత బొచ్చు లేదు పాపం,
నదేమీ జడుసుకోలేదు.

ఇంతలో నుదుటి వెనక ఇంకొకావిడ మేలుకుంది.
నెమ్మదస్తురాలు. కళ్ళజోడు దొరికితే గానీ నోరు విప్పదు.
"ఏమిటా గోల? ఆగు, చూడనీ."
చూసింది. కుడిచేతి కింద తాడు,
పేటల మధ్య ఒక ఎర్ర ఉన్నిపోగు.

మొన్న అరచేతులు బొబ్బలెక్కేదాకా గడ్డి పేని
ఎవరూ చూడకుండా కుసి కలిపిన పోగు అది.

"నువ్వు పేనిందే కదూ?"
"ఊఁ."
"తెగిందా?"
"లేదు."
"మరి ఊపిరి వదులు.
పీల్చడం కాదు, వదలడం. వేడి దుంపని ఊదుకున్నట్టు."

ఊదింది. ఒకటి. రెండు. మూడోదానికి దగ్గొచ్చింది.
గుండె పరుగు మాని పెద్ద అంగలు వేసింది.
కాపలావాడు నోరు మూసుకోలేదు,
గొంతు మాత్రం తగ్గించాడు.
వాడి గొణుగుడు వింటూనే
కుసి ఇంకో కాలు వేసింది. ఇంకోటి.

అవతలికి చేరేసరికి దుంపలు చల్లారిపోయాయి.
ముప్పై ఏళ్ళుగా వంతెన పేనుతున్న సిరియాకో మామ
తొక్క ఒలుస్తూ చెవిలో చెప్పాడు:
"మొదటి అడుగుకి నా మోకాళ్ళు ఇప్పటికీ వణుకుతాయి.
ఎవరితోనూ అనకు."

కుసి అనలేదు.
నేనే అనేశాను.