స్టాండు దగ్గర విన్న సినిమా

ఇరవై రోజులుగా ఆడుతోంది మా హాల్లో.
నేనింకా చూడలేదు.
ఆట వదిలే వేళకి బళ్ల మధ్య దారి చెయ్యాలి,
క్లైమాక్సు ఎప్పుడూ నాకు గోడ అవతలే:
ముందు డప్పులు, తర్వాత ఈలలు,
ఆ తర్వాత చెప్పుల చప్పుడు.

కథ మాత్రం తెలుసు, టోకెన్లతో పాటు చేతికొస్తుంది.
మూతపడ్డ ఫ్యాక్టరీ, ఆరుగురు పనివాళ్లు,
బకాయి ఎగ్గొట్టిన ఓనరు.
ఆయన షష్టిపూర్తి రాత్రి
వంటవాళ్ల వేషంలో ఇంట్లో దూరి
గంగాళాల్లో డబ్బు మోసుకుపోతారు,
పైన పులిహోర పరిచి.
చివర్లో దొరికారా అంటే మాత్రం
"టికెట్టు కొనుక్కో బాబాయ్" అంటారు.

"పులిహోర సీను చాలు, పైసా వసూల్.
సెకండాఫే కొంచెం లాగాడు"
అని బ్రాడీపేట హాస్టలు కుర్రాడు.
వాడికి అన్నీ లాగినట్టే ఉంటాయి,
బండి కూడా కిక్కు కొట్టకుండానే స్టార్టవ్వాలి.

యార్డులో తొడిమలు తీసే సువార్తమ్మ
ఆటో కోసం నిలబడి తీర్పు చెప్పింది:
"ఆ పిల్ల కాయలేరిన చేత్తోనే కళ్లు తుడుచుకుంది.
ఒక్కరోజు మా పక్కన కూచుంటే తెలిసేది.
మాకు ఏడుపొస్తే భుజానికి తుడుచుకుంటాం."
కాసేపాగి,
"నవ్వొచ్చి నీళ్లు తిరిగినా అంతేలే" అంది.
ఆమె భుజం తడిగా ఉంది.

వెల్డరు ఖాజావలి
ఇనప్పెట్టె కోసిన తీరు ఒప్పుకోలేదు.
"కళ్లద్దాల్లేవు, నిప్పురవ్వ లేదు,
వెన్నముద్ద కోసినట్టు కోశాడు.
ఆ పెట్టె నాకిచ్చినా తెల్లారేది."
అయినా మూడోసారి వచ్చాడు,
ఈసారి వాళ్ల షాపు ఓనర్ని పక్కన కూచోబెట్టుకుని.

కమీషన్ కొట్టు ఆసామి కారద్దం దించి
"ఇట్టాంటివి తీస్తే రేపు గుమాస్తాలు మాటింటారా?" అన్నాడు.
హాల్లో అందరికంటే గట్టిగా నవ్విందాయనేనని
గేటు ఏసుదాసు చెప్పాడు.

అందరూ వదిలేసింది పట్టుకున్నది మాత్రం
రిటైరైన లెక్కల గుమాస్తా చిదంబరం గారు:
"కోటీ ఎనభై లక్షలు దొరికింది గదా,
ఆరుగురికి తలా పాతికన్నారు.
ముప్ఫై లక్షలు ఎక్కడ్రా?"
సైకిలు స్టాండు తీసి, మళ్లీ వేసి,
వేళ్ల మీద ఇంకోసారి లెక్కేసి
తలూపుకుంటూ పోయారు.

ఆ ముప్ఫై లక్షలు నన్ను నిద్రపోనివ్వలేదు.
ఏడోవాడెవడో ఉండాలి గదా,
బయట బండి ఇంజను ఆపకుండా
చీకట్లో కాచుకున్నవాడు,
తెర మీద ఒక్క ముక్కలో కూడా కనపడనివాడు.
వాడికి ఐదు ఎక్కువే ఇచ్చారు. న్యాయం.

నాకు రావాల్సింది నలభై ఒక్క వేల మూడొందలు.
ఏటుకూరు రోడ్డు నూలు మిల్లు,
పదిహేడేళ్ల నాటి కాగితం,
కింద మేనేజరు సంతకం.

శనివారం ఆ మేనేజరొచ్చాడు స్కూటరు మీద, భార్యతో.
నన్ను గుర్తుపట్టలా.
డెబ్బై ఎనిమిదో టోకెనిచ్చాను.
ఆట మొదలయ్యాక ఆ స్కూటర్ని
చెయ్యి పట్టుకున్నట్టు నడిపించుకెళ్లి
నీళ్ల ట్యాంకు మూలకి నిలబెట్టి
ముందు నలభై బళ్లు పేర్చాను.
వంటవాడి వేషం అక్కర్లేదు,
ఈ ఖాకీ చొక్కా చాలు.

పదకొండు నిమిషాలు పొగలో నిలబడ్డాడు,
ముక్కుకి రుమాలు అడ్డంపెట్టుకుని.
ఆవిడ ఇంకా పులిహోరకి నవ్వుతూనే ఉంది.
నేను ఒక్కో బండీ తీస్తున్నా తాపీగా,
మధ్యలో "అయిపోయింది సార్" అంటూ.

"సినిమా ఎట్టా ఉంది సార్?"
"నవ్వించాడు. చివర్లో దొరికుంటే బాగుండేది."

అంటే దొరకలేదన్నమాట!

ఇరవై నోటిచ్చాడు. స్కూటరుకి పదిహేను.
మిగతా ఐదూ ఉంచుకోమన్నాడు.
ఉంచుకున్నాను.

నలభై ఒక్క వేల రెండొందల తొంభై ఐదు.