వెనకవైపు

గోథెన్‌బర్గ్‌లో నవంబరంటే
తెల్లవారడం కాదు, నలుపు కాస్త పలచబడటం.
ట్రాము లైను ఆఖరి స్టాపులో నా కొట్టు.
ఆరడుగుల వెడల్పు, ఒక హీటరు, ఒక నేను.
అద్దాన్ని ఆనుకుని బయటివైపు చూసే అరలు.

ఐదూ నలభైకి గున్వోర్ ట్రాము వచ్చి ఆగుతుంది.
మళ్లీ బయల్దేరేలోపు ఆమెకి పదకొండు నిమిషాలు.
రెండు బాత్రూముకి,
ఒకటి చలిని తిట్టడానికి,
మిగిలినవన్నీ నా అరల ముందు.

పందొమ్మిదేళ్లు ఆమెది ఒకటే బేరం, దాల్చినచెక్క బన్ను.
అడక్కముందే కాగితంలో చుట్టేవాణ్ణి.
ఆగస్టులో నర్సు
ఆమె నెత్తురులోంచి ఒక అంకె తీసి చూపించిందట.
"జబ్బు ఇంకా లోపలికి రాలేదు రూనే,
గుమ్మంలో బూట్లు విప్పుతోంది."

అప్పట్నించి కళ్లజోడు నుదుటి మీంచి ముక్కు మీదికి దిగింది.
ప్రోటీన్ బారు ఏది అందుకున్నా
ముఖం చూడదు, వీపు తిప్పుతుంది.

ముందువైపు అక్షరాలు అరుస్తాయి:
కండ! సత్తువ! కొండెక్కుతున్న కుర్రాడు!
వెనకవైపు అక్షరాలు చీమల్లా
చప్పుడు లేకుండా చక్కెర మోసుకుపోతుంటాయి.

"ఇది చూడు,
గ్లూకోజు సిరప్పు, బియ్యం సిరప్పు, ఖర్జూర పాకం, తేనె.
ఒక్క దొంగకి నాలుగు పాస్‌పోర్టులు."
ఇంకొకటి తీసింది.
"దీంట్లో చక్కెర సున్నా, మాల్టిటాల్ బోలెడు.
సోమవారం తిన్నాను.
నాలుగో స్టాపు నుంచి పదమూడో స్టాపు దాకా
ట్రాము కంటే గట్టిగా నా కడుపే గంట కొట్టింది."

నేను నవ్వాను.
నిజం చెప్పొద్దూ, బన్ను మీద నాకు మిగిలేది ఎక్కువ.

మూడు వారాలు పట్టింది ఆమెకి.
అడుగు అరలో, దుమ్ము పట్టిన పెట్టెలో
బొమ్మలేని గోధుమరంగు కాగితం:
ఓట్స్, వేరుసెనగ, షికోరీ వేరు.
పీచు పది గ్రాములు, ప్రోటీను పదిహేను, చక్కెర రెండే.
కొరికి, నమిలి, "గుమ్మం ముందు పరిచే పట్టాలా ఉంది" అంది.
ఇంకాసేపు నమిలి,
"మంచి పట్టా."
గ్లాసుడు నీళ్లు తాగి వెళ్లింది.
పది దాటాక వచ్చి చెప్పింది,
ఆకలి ఇంతవరకూ తలుపు తట్టలేదని.

ఆ పెట్టెని కళ్లకి ఎదురుగా ఉండే అరలోకి మార్చాను.
అయినా రోజూ తిప్పి చదివేది.
"నిన్నా ఇదే, మొన్నా ఇదే, ఎందుకా చదువు?"
"పట్టాలూ రోజూ అవే,
కళ్లు మూసుకుని నడపమంటావా?"

ఫిబ్రవరిలో కొత్త సరుకు వచ్చింది.
అదే కాగితం, మూలన గింజంత నక్షత్రం:
మరింత రుచిగా.
నేను చూళ్లేదు. అరలో సర్దేశాను.

ఆమె వేలు ఒకచోట ఆగింది.
రెండు ఉండాల్సినచోట తొమ్మిది.
పది ఉండాల్సినచోట మూడు.
కోప్పడలేదు.
తాగుడు మానేశానన్న స్నేహితుడి జేబులో
సీసా మూత కనిపించినట్టు చూసి,
దాని చోట దాన్ని పెట్టేసింది.

పొయ్యిలోంచి అప్పుడే తీసిన పళ్లెం.
మాట్లాడకుండా ఒక బన్ను జరిపాను.
చాలాసేపు చూసింది దాన్ని.
"దీనికి వెనకవైపే లేదు" అంది.
"పాపం, ఇది నాకెప్పుడూ అబద్ధం చెప్పలేదు."
చిటికెడు తుంచి నోట్లో వేసుకుని
మిగతాది నావైపు తోసింది.
గంట కొట్టుకుంటూ ట్రాము వెళ్లిపోయింది, ఖాళీ కడుపుతో.

ఆ బన్ను నేను తిన్నాను, అబద్ధమెందుకు.
తర్వాత టార్చి తీసుకుని
అరల దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాను.
మొత్తం నలభై రెండు రకాలు.
ముఖాలన్నీ వీధిలోకి.
ఇన్నేళ్లూ వాటి వీపులు నావైపే ఉన్నాయి.
మొదటిదాని దగ్గర టార్చి పట్టుకుని
చదవడం మొదలుపెట్టాను.
రేపు ఐదూ నలభైలోపు
ఒక్కటైనా దొరకాలి.