అంగుళంనర

టేపు పెట్టి ఎడమ దిక్కు కొలిచిన: అయిదడుగుల ఏడంగుళాలు.
కుడి దిక్కు: అయిదు, ఎనిమిదిన్నర.
తప్పు కొలిచిన్నేమో అని మళ్ళ కొలిచిన.
టేపు ఏం జేస్తది పాపం.

చండూరు దుకాణంల గోడకు ఆనిచ్చిన తలుపులన్నిటికి
ఒకటే ఎత్తు, ఒకటే ఎడల్పు,
ప్రార్థనకు నిలవడ్డ బడిపిల్లల లెక్క.
ఆరున్నర, రెండున్నర.
"దీనికంటె పొట్టిది లేదా" అంటె
సేటు నవ్విండు:
"భిక్షమాచారీ, పొట్టిగున్నది మనుషులా, ఇల్లా?"

ముప్పై యేండ్ల సంది ఆ తొవ్వకు పాత చీరెనే అడ్డం.
ఇప్పుడు బిడ్డ నీలవేణి పరీక్షకు చదువుతున్నది.
ముందటర్రల టీవీ, లోపటర్రల లెక్కలు.
చీరె సూపును ఆపుతది గని
సప్పుడును ఆపదు.

గుండుదారం ఇడిసిన.
గోడ నెలలు నిండినట్టు నడుమ ఉబ్బింది.
మూలమట్టం ఏ మూలకు పెట్టినా
సందులకెల్లి ఎలుగు కనవడుతది.
"ఇంత ఒంకర ఎవని పనో" అని నోరు జారిన.

అండాలమ్మ కడప మీద కూసోని
చిక్కుడుకాయ ఈనెలు తీస్తున్నది.
తల ఎత్తకుంటనే జెప్పింది:
"మాదే.
పైన ఉన్నది బండ గాదు బిడ్డా, కడి.
పటేలు తోట కంచెకు కడీలు దెస్తుంటె
ఒకటి బండి మీదికెల్లి పడి ఇరిగింది, ఉత్తగనే ఇచ్చిండ్రు.
అది ఎంత పొడుగుంటె తొవ్వ అంత ఎడల్పు.
ఆయన గా దిక్కు, నేను గీ దిక్కు
చేతుల మీద లేపినం.
ఆయన ఇంకింత పైకి అన్నడు.
ఇగ నాతోని గాదన్న."

మళ్ళ ఈనెలు తీసింది.

ఇప్పుడు ఆ చేతులు బుజం దాటయ్.
బోరునీళ్ళు ఏండ్లకేండ్లు ఎముకలల్ల కుదురుకున్నయ్.
బుక్క నోటి కాడికి రాదు,
నోరే బుక్క కాడికి ఒంగాలె.

గోడను సక్కజేసుడు అయ్యే పని గాదు.
గోడ ఒంకరను తలుపుకు నేర్పాలె.
అట్టముక్క ఆనిచ్చి అచ్చు తీసుకొచ్చి
తలుపు మీద గీత గీసిన.
రంపం పెడితె
పైకి కట్టె, లోపట అంత బోలు,
అట్టగూళ్ళు, తేనె లేని తుట్టె.
కోసిన పట్టీని ఉలితోని ఒలిచి
జిగురు పూసి మళ్ళ ఆ బోలుల్నే దూర్చిన,
ఎవ్వరు కొన్నా చూడని జాగల.
రందా పొట్టు ఎగిరి చిక్కుడు ఈనెలల్ల కలిసింది.

కబ్జాలు బిగిచ్చి నిలవెడితె
ఒంకర తొవ్వల ఒంకర తలుపు
కంటికి సక్కగనే కనవడ్డది.
పైన పావంగుళం సందు ఇడిసిన,
వానకాలం దానికీ ఊపిరి గావాలె.

ఇగ పిడి, బేడెం యాడ పెట్టాలె?
అన్నిండ్లల్ల మూడున్నర అడుగులకు పెడ్త,
కొలవకుంటనే చెయ్యి పోతది.
"అమ్మా, ఒకపాలి లేసి తలుపు మీద చెయ్యి పెట్టు."
గోడ పట్టుకోని లేసింది.
చెయ్యి తనంతల తను ఆగిన కాడ
చెవి మీది పెన్సిలు తీసి సుక్క పెట్టిన.
నీలవేణి సూసి "గింత కిందికా" అన్నది.
మళ్ళ ఏమనలే.

కోయంగ మిగిలింది ఒక చెక్క:
ఒక కొసకు అంగుళంనర,
ఇంకో కొసకు ఏం లేదు.
సంచిల ఏసుకుందామనుకునే లోపట
అండాలమ్మ కాలుతోని జరిపి
తలుపు కింద దోపింది, గాలికి కొట్టుకోకుంట.

లోపల నీలవేణి పుస్తకం పైకి చదువుతున్నది:
"ఒక పనిని ఇద్దరు కలిసి పన్నెండు రోజులలో చేయగలరు.
అదే పనిని ఒక్కరే చేసిన..."

"రెండొందలు తక్కువున్నయ్ బిడ్డా,
అంగడినాడు ఇస్త" అన్నది తల్లి.
సరేనని రంపానికి గుడ్డ సుట్టుకున్న.