టిక్కీల లెక్క

గుంటూరు, నరసరావుపేట రోడ్డు, కోల్డ్ స్టోరేజీ.
కంప్యూటర్ మీద సన్నగా ఎర్ర దుమ్ము.
తుడిస్తే తుమ్ము, తుడవకపోతే అక్షరం కనబడదు.

మూడో గది, తేజ రకం, రెండొందల పది టిక్కీలు.
నిన్నటి జాబితా పోకుండా దాచాలని
‘పాత’ అని ఒక పేరు పెట్టాను,
సమాన గుర్తు పెట్టి పక్కన ‘లాటు’ అని రాశాను.
దాచేశాననుకుని టీకి వెళ్లాను.

వచ్చేసరికి పన్నెండు టిక్కీలు లారీ ఎక్కాయి.
లాటులో నూటతొంభై ఎనిమిది. సరే.
పాతలోనూ నూటతొంభై ఎనిమిదే.
నిన్నని ఎవరు దించుకుపోయారు?

మేస్త్రీ ఏసోబు తలగుడ్డ విప్పి దులిపాడు.
“ఒక కుప్పకి రెండు చీటీలు కడితే
రెండు కుప్పలవుతాయా పాపా?”
కాలేజీలో నాలుగేళ్లూ ఇదే చెప్పారు.
అక్కడ దుమ్ము లేదు, అర్థం కాలేదు.

బయట యార్డులో ధర పెరిగిందని కేక.
ధర పెరుగుతుందేమో గానీ
పద్దెనిమిది వేలు పెరగదు.
అది ఎప్పటికీ పద్దెనిమిది వేలే,
తడిసినా బూజు పట్టదు.
‘ధర’ అనే పేరే లేచి వెళ్లి
ఇంకో అంకె అరుగు మీద కూర్చుంటుంది.
వదిలేసిన అంకెకి చీమ కుట్టినట్టైనా ఉండదు.

కాయ అలా కాదు.
చల్లటి గదిలోనూ లోలోపల రంగు దిగుతుంది,
చీటీ మీద మాత్రం తేజ, తేజ, తేజ.

శనివారం కూలి పట్టీ తీస్తుంటే
ఏసోబు పేరు దొరకలేదు.
“శ్రీరాములని ఉంటాడు చూడు, నేనే.
కాగితానికి ఆ పేరు, ఆదివారానికి ఈ పేరు.”
ఎందుకని అడగబోయి ఆగాను.
అడక్కుండానే తెలిసే ఊరు మాది.
మొన్న టిక్కీ జారి భుజం మీద పడితే
పట్టీలో శ్రీరాములుకి సున్నా వేశారు,
ప్రార్థనలో ఏసోబు చెయ్యి పైకి లేవలేదు.

ఆ రాత్రి పాత లెక్క సరిచేశాను,
ఒక్కో టిక్కీ విడిగా తీసి, వేరే కుప్పగా పేర్చి.
ఇప్పుడు నిన్న నిన్నలాగే ఉంటుంది.

అన్నిటికంటే పైన, మొదటి వరుసలో,
ఎవరూ కదపకూడదని షావుకారు రాయించిన అంకె ఒకటుంది:
టిక్కీ ఎత్తితే ఆరు రూపాయలు.
మారనిదని గుర్తుగా పెద్దక్షరాలతో
నేనే రాశాను.
దాని పక్కన కర్సరు మిణుకుమిణుకుమంటోంది.
వేలి కొసన కారం.
కన్ను నులుముకోకుండా
కాసేపు అలాగే కూర్చున్నాను.