పుర్రచెయ్యి

కందుకూరు సబ్ రిజిస్ట్రారాఫీసు ఎదర
కానుగ నీడలో, నీలం పట్టా కింద
ముప్పయ్యెనిమిదేళ్ళు దస్తావేజులు రాశా.
చుట్టుపక్కల భూములన్నీ
ఈ కుడిచేతి మీదుగా చేతులు మారినవే.

"నా స్వబుద్ధితో, ఎవరి ప్రోద్బలమూ లేకుండా
నా ఇష్టపూర్తిగా రాసి ఇచ్చిన" అని
కొన్ని వేలసార్లు రాసుంటా.
ఏ ఒక్కసారీ అది నా మాట కాదు.

ఇప్పుడు పక్క కొట్లో కంప్యూటరు.
ఖాదరుమస్తాను కొడుకు
పాత దస్తావేజులో పేర్లు తీసి కొత్త పేర్లు పెట్టి
టీ చల్లారేలోపు ఇచ్చేస్తాడు.
నా దగ్గరికొచ్చేది
దారి అడిగేవాళ్ళు, చిల్లర అడిగేవాళ్ళు.

మొన్న మంగళవారం.
మంగళవారం ఎవరూ రిజిస్ట్రేషను పెట్టుకోరు.
పొగాకు బేళ్ళ లారీ ఒకటి
దుమ్ము లేపుకుంటా పోయింది.
కళ్ళు తుడుచుకుందామని
పెన్ను ఎడంచేతికి మార్చా.
మళ్ళీ ఇటు మార్చలేదు.
ఎందుకంటే చెప్పలేను.

ఆ చెయ్యి నా పేరు రాసింది.
మాలకొండయ్య.
సున్న మూతపడలేదు,
య వత్తు గీత దాటి కిందికి వేలాడింది.

ఈ రాత నాకు తెలుసు.
పుర్రచేతి వెధవా అని తిట్టి
చెంచయ్యోరు తాటినారతో
దాన్ని మొలతాడుకు కట్టేసిన పూట
ఎక్కడ ఆగిపోయిందో
సరిగ్గా అక్కడే ఉంది.
నాకు అరవయ్యి దాటాయి.
దానికింకా ఆరే.

ఇన్నాళ్ళూ ఏం చేసింది పాపం,
కాగితం ఎగరకుండా అదిమిపట్టింది,
ఈగల్ని తోలింది, చెంబు మోసింది.
"మాలకొండయ్య చేతిరాత ముత్యాలబ్బా" అని
జనం కుడిదాన్ని పొగుడుతుంటే
చొక్కా జేబులో కూర్చుని వింది.

సంతకం రానోళ్ళని మాత్రం
సర్కారు అడిగేది ఎడం బొటనవేలినే.
ఎంతమంది వేళ్ళు నేనే పట్టుకుని
సిరాదిండు మీద అద్దానో!
గొర్రెల వాసనేసే వేలు,
ఉప్పుకొటార్లలో పగిలిన వేలు,
వణికే వేలు.
వాటి పక్కనే నా ఎడంచెయ్యి
బల్ల మీద ఊరకే పడుండేది.

నిన్న బ్యాంకులో రెండువేలు తీయబోయి
దాంతోనే సంతకం పెట్టా.
కౌంటరు పిల్ల కాగితాన్ని అటూ ఇటూ తిప్పి
"సంతకం కలవలేదు తాతా, ఇది మీరేనా?" అంది.
ఇన్నేళ్ళూ కలిసినోడు నేనో కాదో
తేల్చుకుంటుండా తల్లీ, అందామని
నోటిదాకా వచ్చింది.
వెనక పదిమంది నిలబడున్నారు.
కుడిచేత్తో పెట్టి డబ్బులు తెచ్చుకున్నా.

అన్నం కూడా కుడిచేత్తోనే తింటుండా.
అది అమ్మకిచ్చిన మాట, దాన్ని కదిలించను.
రోజుకో పేజీ మాత్రం దీనికి.
ఏం రాస్తుండానని అడగొద్దు,
చిన్నప్పటి కుక్క పేరు,
మన్నేరు ఇసకలో పారేసుకున్న గోలీ,
ఎవరికీ హద్దులు కానివి.
తడి ఆరకముందే అరచేతి అంచు
అక్షరాల మీదుగా పాకుతుంది.
చిటికెనవేలి నుంచి మణికట్టు దాకా నలుపు.

రాత్రి గాబు దగ్గర రవణమ్మ చూసింది.
"ఏందది, తారా?"
"సిరా."
"ఈ చేతికా?"
తోమడానికి చింతపండు తెచ్చింది.
చెయ్యి తన చేతుల్లోకి తీసుకుని
దీపం వైపు తిప్పి చూసింది.
పెళ్ళినాడు పట్టుకున్నది కుడిది.
దీన్ని పట్టుకోవడం ఇదే మొదలేమో.

"ఉండనీలే, కడగబాక" అంది.
చింతపండు మళ్ళీ జాడీలో వేసింది.